పూజకు తీసిన మూత

ఆ రోజుల్లో నాకు ఒక గట్టి నమ్మకం ఉండేది. మనుషులకు నోటితో చెప్తే ఎక్కదు, ఈల ఊది చెప్తే ఎక్కుతుందని. ఈ నమ్మకాన్ని నాకు ఎవరూ నేర్పలేదు. ఇరవై రెండేళ్ళ వయసు, చిత్తూరులో చదివిన మెకానికల్ డిప్లొమా, అప్పుడే కుట్టించుకున్న రెండు జతల ప్యాంటూ చొక్కా, ఈ మూడూ ఒకచోట చేరితే అలాంటి నమ్మకాలు వాటంతటవే పుట్టుకొస్తాయి. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే ఆ కుర్రవాడి మీద నాకు కోపం రాదు, అలాగని పెద్దగా గౌరవమూ కలగదు. పక్కింటి వాళ్ళ అబ్బాయిని చూసినట్టు చూస్తాను. వాడికి ఒక పని అప్పగించారు. వాడు దాన్ని మూడు వారాల్లో ఎలా తలకిందులు చేశాడు, తలకిందులైన దాన్ని ఎవరు నిలబెట్టారు అన్నదే ఈ కథ. కథ అన్నాను గానీ జరిగిందే.

బంగారుపాళ్యం దాటాక హైవే పక్కన ఉన్న ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నేను సేఫ్టీ సూపర్‌వైజరుగా చేరాను. (పనివాళ్ళ భద్రత చూసే మనిషి ఒకడున్నాడని కాగితం మీద చూపించడానికి నన్ను పెట్టుకున్నారని తర్వాత తెలిసింది. అప్పట్లో మాత్రం నా తెలివి చూసి పెట్టుకున్నారనుకున్నాను.) ఆ ఫ్యాక్టరీ ఏడాదిలో రెండు మూడు నెలలే నడుస్తుంది. తోతాపురి కాయ దిగే కాలమంతా గేటు దగ్గర్నుంచి రోడ్డు దాకా లారీలు, ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. ఊరంతా మామిడి వాసన. మొదటి వారం అది కమ్మగా ఉంటుంది, రెండో వారానికి అన్నంలో కూడా వస్తున్నట్టుంటుంది. ఉద్యోగంతో పాటు నాకు ఒక పసుపు టోపీ, నైలాన్ తాడుతో మెడలో వేసుకునే ఒక ఈల ఇచ్చారు. టోపీ పెద్దదై కళ్ళ మీదికి జారేది. ఈల మాత్రం సరిగ్గా సరిపోయింది. మొదటి రోజు దాన్ని ఎన్నిసార్లు ఊదానంటే, మధ్యాహ్నం భోజనాల వేళకు నా అసలు పేరు అక్కడ ఎవరికీ అవసరం లేకపోయింది. 'ఈల సారు' అయిపోయాను.

అక్కడి ఆడవాళ్ళలో నన్ను సారు అనని మనిషి ఒక్కతే ఉంది. ఆమె మా చిన్నమ్మ, అంటే మా అమ్మకు స్వయానా చెల్లెలు. కాయలు ఏరే బెల్టు దగ్గర పనిచేసే ముప్పై మంది ఆడవాళ్ళకూ ఆమే పెద్ద. పదేళ్ళుగా ప్రతి సీజనూ ఆ బెల్టు పక్కనే నిలబడి, కుళ్ళబోయే కాయను కుళ్ళకముందే కనిపెట్టగలిగేంత అనుభవం సంపాదించింది. నేను ఉద్యోగంలో చేరే రోజు మా అమ్మ నా చేతిలో పెరుగన్నం క్యారియరు పెడుతూ, "ఒరే, ఆడ మీ చిన్నమ్మ ఉండాది. ఆ మిషన్ల మధ్యన దాన్ని రవంత సూసుకోరా" అని చెప్పింది. నేను ఛాతీ ముందుకు పెట్టి సరేనన్నాను. అదే రోజు ఉదయం మా అమ్మ ఆమెకు కూడా ఫోను చేసి, "వాడు ఎడ్డోడు. ఆ మిషన్ల మధ్యన వాన్ని రవంత సూసుకో" అని చెప్పిందట. ఈ రెండో సంగతి నాకు చాలా కాలం తెలియదు. తెలిసి ఉంటే ఛాతీ అంత ముందుకు పెట్టేవాడిని కాను.

ఇక ఆ బెల్టు సంగతి. కాయలు ఒక పొడవాటి రబ్బరు బెల్టు మీద సాగిపోతుంటాయి, రెండు వైపులా ఆడవాళ్ళు నిలబడి మెత్తబడినవీ, మచ్చలున్నవీ తీసి పక్కనున్న క్రేట్లలో వేస్తుంటారు. బెల్టు చివర, సరిగ్గా మా చిన్నమ్మ నిలబడే చోట, దాన్ని లాగే ఇనుప చైను, ఆ చైనును తిప్పే పళ్ళ చక్రం. అవి తిరుగుతుంటే చూడ్డానికి నెమ్మదిగానే ఉంటాయి, అదే వాటితో వచ్చిన చిక్కు. చక్రం పన్నుకూ చైనుకూ మధ్య ఏది పడినా, చీర కొంగైనా, గాజైనా, వేలైనా, అది లోపలికి పోవడమే గానీ వెనక్కి రావడం ఉండదు. అందుకే దాని మీద ఇనుప జల్లెడ లాంటి మూత ఒకటి బిగించి ఉంటుంది. నా పుస్తకంలో దాని పేరు గార్డు. ఆడవాళ్ళకు మాత్రం అది మూతే. మంచంలో సగమంత ఉండే ఆ మూతకు పదహారు బోల్టులు. ఆ పదహారు బోల్టులూ విప్పడానికి పానా ఉన్నది ఫ్యాక్టరీ మొత్తానికి ఒక్కడి దగ్గరే, మా ఫిట్టరు దగ్గర. ఆయన్ను అందరూ 'తొమ్మిదిన్నరన్నా' అని పిలిచేవాళ్ళు. అది ఆయన డ్యూటీకి వచ్చే టైము అనుకున్నాను. కాదు, ఆయన చేతి వేళ్ళ లెక్క. చిన్నతనంలో బెల్లం వండే చోట చెరుకు గానుగలో అర వేలు పోగొట్టుకున్నాడు. ఆ పేరుకు ఆయన పలికేవాడు, నవ్వేవాడు కూడా.

సీజను మొదటి రోజు మిషన్లకు పూజ. పక్క ఊరి అయ్యవారిని పిలిచారు. గుమ్మడికాయ, నిమ్మకాయలు, పూలదండలు, బొరుగులు, కొబ్బరికాయలు అన్నీ సిద్ధం. నేనూ తలంటుకుని, నుదుట విభూతి పెట్టుకుని, మెడలో ఈలతో వచ్చాను. వచ్చి చూద్దును కదా, తొమ్మిదిన్నరన్న కింద కూర్చుని మూత బోల్టులు ఒక్కొక్కటే విప్పుతున్నాడు. నా చదువంతా ఒక్కసారిగా గొంతులోకి వచ్చింది. ఈల ఊదాను. అయ్యవారు మంత్రం మధ్యలో ఆగి నా వైపు చూశాడు. ఆ చూపుకు ఈల నోట్లోంచి దానంతటదే జారింది.

"మూత ఎందుకు తీస్తున్నారన్నా?" అన్నాను, గొంతు తగ్గించి.

సమాధానం ఫిట్టరు చెప్పలేదు, పళ్ళెంలో పసుపూ కుంకుమా కలుపుతున్న మా చిన్నమ్మ చెప్పింది. "మూతకు బొట్టు పెడితే మిషనుకు పెట్టినట్టారా? ముసుగేసుకున్న పెండ్లికూతురికి ముసుగు మింద బొట్టు పెడతారా యాడన్నా?"

నిజం చెప్పాలంటే నాకూ ఆమె మాట సబబుగానే అనిపించింది. చక్రానికి ఉన్న ఒక్కో పంటికీ ఒక్కో బొట్టు పెట్టింది. చైను మీద పూలు చల్లింది. "తల్లీ, ఈ ఏడు కూడా మా చేతులు మాకు విడిచిపెట్టు" అని మొక్కుకుంది. ఆ మొక్కు విని పక్కనున్న ఆడవాళ్ళంతా కళ్ళు మూసుకుని దండం పెట్టారు. నేను కళ్ళు మూసుకోలేదు, పదహారు బోల్టులు ఎక్కడ పెడుతున్నాడో చూస్తూ ఉన్నాను. "పూజ అయినాక బిగిస్తాలేప్పా" అన్నాడు తొమ్మిదిన్నరన్న. పూజ అయింది. కొబ్బరి ముక్కలు, బొరుగులు పంచారు. బెల్టు కదిలింది. మొదటి లారీ కాయలు దిగాయి. మూత మాత్రం బిగించలేదు.

మరుసటి రోజు అడిగాను. "బోల్టులు యాడో పడినాయప్పా, ఎతుకుతా ఉండాను" అన్నాడు. ఆ తర్వాతి రోజు బోల్టులు దొరికాయి, మూత కనబడలేదు. మూడో రోజు అసలు ఆయనే కనబడలేదు. ఈలోగా నేను నా పని మానలేదు. చక్రం దగ్గరికి ఎవరు వచ్చినా ఈల. చైను మీదికి ఎవరు వంగినా ఈల. ఆడవాళ్ళు మొదట్లో ఉలిక్కిపడేవాళ్ళు, తర్వాత నవ్వేవాళ్ళు, ఆ తర్వాత పట్టించుకోవడం మానేశారు. మా చిన్నమ్మ గంటకొకసారి ఒక కొబ్బరి చీపురు తీసుకుని, చైను తిరుగుతుండగానే దాని కిందికి పెట్టి ఏదో తోసేది. చీపురు అరిగి మూరెడు కూడా లేదు. ఆమె గాజులకూ ఆ పళ్ళ చక్రానికీ మధ్య బెత్తెడు ఎడం ఉండేది. అది చూసినప్పుడల్లా నాకు పెరుగన్నం క్యారియరు గుర్తొచ్చేది. మా అమ్మకు ఏం చెప్పాలి? ఆ భయం నిజమైనదే. కానీ భయం వేసినప్పుడు నాకు తెలిసిన పని ఒక్కటే, ఈల ఊదడం. నేను ఊదేవాడిని, ఆమె నా వైపు చూడకుండానే, "ఊదుకోరా, ఊదుకో" అనేది.

మూత వారం తర్వాత దొరికింది. ఆడవాళ్ళు అన్నాలు తినే రేకుల షెడ్డు వెనక, నాలుగు ఇటుకల మీద, మంచి ఎండ తగిలే చోట. దాని మీద ఉతికిన తెల్ల పంచె పరిచి, పంచె మీద మామిడి రసం పొరలు పొరలుగా పోసి తాండ్ర ఆరబెట్టారు. పక్కకు తీసేసిన పండ్లలో బాగున్న ముక్కలు కోసి, బెల్లం కలిపి, రోజుకొక పొర. నేను నోరు తెరిచి అలాగే నిలబడిపోయాను. ముప్పై మంది వేళ్ళు కాపాడవలసిన గార్డు తాండ్రకు పళ్ళెమై కూర్చుంది. కాపలాగా ఉన్న ఒక ముసలామె (కాకులను తోలడం ఆమె డ్యూటీ) నన్ను చూసి ఏమాత్రం తడబడలేదు. "జల్లెడ గదా సారూ, కింద నుంచి గాలి ఆడతాది. సాప మింద పోస్తే ఇంత బాగా ఆరదు" అని వివరం చెప్పి, ఆరిన అంచు నుంచి ఒక ముక్క చింపి నా చేతిలో పెట్టింది. నేను దాన్ని సాక్ష్యంగా పట్టుకెళ్దామనుకున్నాను. తర్వాత రుచి చూశాకే పట్టుకెళ్దామనుకున్నాను. ఆ తర్వాత రెండో ముక్క ఇచ్చింది. ఆ సమయంలో నేను ఈల ఊది ఉండాల్సింది. తాండ్ర నోట్లో ఉండగా ఈల ఊదడం కుదరదని నాకు ఆ రోజే తెలిసింది.

అయినా నేను ఊరుకోలేదు (తాండ్ర అయిపోయాక). ఫిట్టరును వెంటబెట్టుకుని, మూత కడిగించి, పదహారు బోల్టులూ దగ్గరుండి బిగించాను. మర్నాడు పొద్దున వచ్చి చూస్తే మూత లేదు, గోడకు ఆనించి ఉంది. మళ్ళీ బిగించాను. మళ్ళీ తీశారు. ఇలా నాలుగు సార్లు. ఎవరు తీశారంటే ఎవరూ చెప్పరు, పానా ఉన్న తొమ్మిదిన్నరన్న కూడా నవ్వి ఊరుకుంటాడు. ఎందుకు తీశారని మాత్రం నేను అడగలేదు. ఈ మాట కొంచెం గుర్తుంచుకోండి, ఎందుకంటే నేను గుర్తుంచుకోలేదు.

చివరికి ఒక రోజు భోజనాల తర్వాత అందరినీ షెడ్డులో కూర్చోబెట్టి ఉపన్యాసం మొదలుపెట్టాను. కదిలే యంత్ర భాగాలు, వాటి వల్ల కలిగే ప్రమాదాలు, రక్షణ కవచాల ఆవశ్యకత. పుస్తకంలో ఎలా ఉందో అలాగే. రెండో వాక్యానికే ఇద్దరు కునుకు తీస్తున్నారు. ఇంతలో మా చిన్నమ్మ లేచి, ఎవరూ అడగకుండానే, "వీడు మూడేండ్లప్పుడు ఇడ్లీ పిండి గ్రైండరు తిరగతా ఉంటే సెయ్యి పెట్టబోయినాడు. నేనే ఈపు మింద ఒకటి ఇచ్చినాను. ఇప్పుడు సూడండి, మనకు సెప్తా ఉండాడు" అంది. కునుకు తీస్తున్న ఇద్దరూ కూడా లేచి నవ్వారు. నవ్వు ఆగేసరికి లైను మొదలయ్యే గంట కొట్టారు.

ఆ నవ్వు నన్ను బాగా కుదిపింది. వీళ్ళకు మాటలతో కాదు, కళ్ళకు కట్టినట్టు చూపించాలి అనుకున్నాను. మర్నాడు ఇంటి దగ్గర్నుంచి ములక్కాయలు తెచ్చాను. ఒక రబ్బరు గ్లవుజు తీసుకుని, అయిదు వేళ్ళలోనూ అయిదు ములక్కాయ ముక్కలు దూర్చి, అరచేతిలో ఒక దోసకాయ పెట్టి, మణికట్టు దగ్గర దారంతో కట్టాను. చూడ్డానికి అచ్చం చెయ్యిలాగే ఉంది. దీన్ని తిరిగే చైనులో పెట్టి, అది ఎలా నలిగిపోతుందో అందరికీ చూపిస్తే జన్మలో ఎవరూ మూత తీయరు. ఇదీ నా పథకం. మూత అప్పటికీ గోడకే ఆని ఉంది, బెల్టు మీద కాయలు నడుస్తూనే ఉన్నాయి. ఆడవాళ్ళంతా చుట్టూ మూగారు. "అయ్యో, లేత ములక్కాయలు. సాంబారుకు పనికొచ్చుండును గదా సారూ" అని ఒకామె బాధపడింది.

"ఇది మీ చెయ్యి అనుకోండి" అన్నాను గంభీరంగా. గ్లవుజును చైను దగ్గరికి తీసుకెళ్ళాను. చక్రం దాన్ని అందుకుంది. ములక్కాయలు టపటపమని విరిగాయి. ఆ చప్పుడుకు నవ్వేవాళ్ళంతా ఒక్కసారిగా ఆగిపోయారు. నాకు లోపల ఒకటే సంతోషం. ఇంకా బాగా చూపిద్దామని ముందుకు వంగాను. వంగగానే టోపీ కళ్ళ మీదికి జారింది. టోపీ సర్దుకునేలోగా నా మెడ ఎవరో పట్టుకుని కిందికి లాగుతున్నట్టయింది. ఈల ముందు వేలాడుతోంది, చక్రం దాన్ని పట్టుకుంది, ఈలతో పాటు తాడు, తాడుతో పాటు నేను. ఊపిరి ఆడలేదు. కేకా రాలేదు. మిషను ఆపే ఎర్ర మీట హాలు అవతలి గోడకు, మేనేజరు గది పక్కన ఉంది. అంత దూరం ఎవరు పరిగెత్తుతారు, ఎప్పుడు చేరతారు? చక్రం మీద ఇంకా చెరగని కుంకుమ బొట్టు ఒకటి నా ముక్కు దగ్గరికి వస్తూ ఉండటం మాత్రం చూశాను.

అప్పుడు నా చెవి పక్కన ఏదో చల్లగా తగిలింది. తాడు టప్పుమంది. నేను వెనక్కి పోయి కుళ్ళిన మామిడికాయల క్రేటులో కూర్చున్నాను. కళ్ళు తెరిస్తే మా చిన్నమ్మ ఎదురుగా నిలబడి ఉంది, చేతిలో కాయల తొడిమలు కోసే కత్తి. ఎవరో ఎర్ర మీట నొక్కాక బెల్టు ఆగింది. మా చిన్నమ్మ కత్తి పక్కన పెట్టి, నా చెంప మీద ఒకటి కొట్టింది. తర్వాత నా మెడ మీద ఎర్రగా పడిన గీతను వేలితో తడిమి చూసి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆమె ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. నాకూ ఏడుపు వచ్చింది, కానీ చుట్టూ ముప్పై మంది ఉన్నారు కాబట్టి మామిడి రసం కళ్ళలో పడిందని చెప్పాను.

మేనేజరు పరిగెత్తుకుని వచ్చాడు. ఆయన మొదట అడిగింది నా మెడ గురించి కాదు. "ఈల ముక్కలన్నీ దొరికినాయా?" అని. ఈల నుజ్జునుజ్జయింది. ముక్కలు ఏరారు. దానిలో ఉండే గింజ ఒక్కటి దొరకలేదు. ఆ గింజ గుజ్జులో కలిసి ఏ దేశంలో ఎవరి గ్లాసులో తేలుతుందోనని ఆయన బెంగ. బెల్టు మీద ఉన్న కాయలన్నీ పారబోయించాడు. నేను క్రేటులో నుంచి లేవకుండానే ఆయన కోసం ఆ గింజను వెతికాను. (అది సాయంత్రం ఇంట్లో నా చొక్కా జేబులో దొరికింది. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.)

లైను మళ్ళీ మొదలయ్యేలోగా మా చిన్నమ్మ నన్ను షెడ్డులోకి తీసుకెళ్ళి మజ్జిగ తాగించింది. అప్పుడు అడిగాను, మూడు వారాల తర్వాత మొదటిసారి. "చిన్నమ్మా, ఆ మూత ఎందుకు తీస్తారు?"

"ఇప్పటికి అడిగినావా?" అంది. "నలిగిన పండ్ల తొక్కలు, జీడి, రసం అంతా ఆ సైను కింద పేరుకుంటాది రా. గంటకొకసారి తీయకపోతే సైను ఎగురుతాది, బెల్టు ఆగిపోతాది. ఆగితే ఎవర్ని తిడతారు? మమ్మల్నే. పదహారు బోల్టులు ఇప్పేదానికి వాడు రావాల. వాడు వచ్చేలోపల లారీలోళ్ళు కేకలు. మీట నొక్కి మిషను ఆపితే మేనేజరు వచ్చి ఎందుకు ఆపినావంటాడు. ఇంగ ఏం సేసేది? తిరగతా ఉంటేనే సీపురుతో తోస్తా ఉండాము. మాకేమన్నా సేతులు ఎక్కువై పెట్టుకున్నామా? ఆ మూత సేసినోడు ఒక్కనాడన్నా దాని కింద కడిగినాడా?"

ఆ మూత కింద ఏముందో నేనూ ఒక్కనాడూ చూడలేదు. మూత పైనే నా డ్యూటీ మొత్తం గడిచిపోయింది.

"అయితే ఏం చేస్తే బాగుంటుంది?" అన్నాను. ఆమె ఎక్కువసేపు ఆలోచించలేదు. ఆ ఏడే వాళ్ళ ఇంట్లోకి కొత్త ఫ్రిజ్జు వచ్చింది. దాని తలుపు రోజుకు ఎన్నిసార్లు తీసి చూసుకునేదో మా అమ్మ చెప్తూ ఉండేది. "మా ఫ్రిజ్జు తలుపు తీస్తే లోపల లైటు ఎలగతాది, మూస్తే ఆరిపోతాది. ఆ మాదిరి దీనికీ బోల్టులు తీసేసి ఒక తలుపు పెట్టండి. తలుపు తీస్తే మిషను ఆగిపోవాల, మూస్తే తిరగాల. మేము ఎవర్నీ పిలిసే పని లేకుండా మేమే తీసి కడుక్కుంటాము. కాదా?"

మూత తెరిస్తే యంత్రం దానంతటదే ఆగిపోయే ఏర్పాటును బొమ్మ గీసి వివరించమని మాకు మూడో సంవత్సరం పరీక్షలో ప్రశ్న వచ్చింది. నేను బొమ్మ గీశాను, రంగు పెన్సిలుతో దిద్దాను కూడా. పూర్తి మార్కులు వచ్చాయి. ఆ బొమ్మకూ ఈ బెల్టుకూ ఏదైనా సంబంధం ఉండొచ్చని నాకు మూడు వారాల్లో ఒక్కసారి కూడా తోచలేదు.

మేనేజరుకు చెప్తే, "సీజను మధ్యలో ఇవన్నీ ఎందుకప్పా, వచ్చే ఏడు సూద్దాం" అన్నాడు. నేను సరేనని తల ఊపి వచ్చేశాను (ఆ రోజుల్లో మేనేజరు ఏమన్నా నా తల దానంతటదే ఊగేది). మా చిన్నమ్మ ఊపలేదు. మరుసటి రోజు పొద్దున ముప్పై మందీ వచ్చారు, గేటు లోపల వేపచెట్టు కింద కూర్చున్నారు. "తలుపు పెట్టినాక పిలవండి సారూ, వస్తాము. సేతులు పోయినాక మమ్మల్ని ఎవరు పనికి పెట్టుకుంటారు?" అంది మా చిన్నమ్మ మేనేజరుతో, కేకలు లేకుండా, మామూలుగా. బయట లారీల్లో పండు మెత్తబడుతోంది. పండుకు ఆగే ఓపిక లేదు. పది గంటలకల్లా మేనేజరు నన్నూ తొమ్మిదిన్నరన్ననూ మోటారుసైకిలు మీద బంగారుపాళ్యం వెల్డింగు అంగడికి తరిమాడు. పదహారు బోల్టుల బదులు రెండు మడతబందులు, ఒక గొళ్ళెం. చిత్తూరు నుంచి ఒక స్విచ్చి తెప్పించాము. తొమ్మిదిన్నరన్న సాయంత్రానికల్లా బిగించాడు. నేను వైర్లు పట్టుకున్నాను. ఎర్ర మీటను కూడా ఆ గోడ నుంచి తీయించి, బెల్టు పక్కనే చేతికందే చోట పెట్టించాము.

మా చిన్నమ్మ వచ్చి తలుపు తీసింది. చైను ఆగిపోయింది. చీపురు పక్కన పడేసి, ఉత్త చేత్తో లోపలికి చెయ్యి పెట్టి, పేరుకున్న తొక్కలన్నీ తాపీగా తీసింది. తలుపు మూసి గొళ్ళెం పెట్టింది, చైను మళ్ళీ తిరిగింది. ఆ తర్వాత ఒక్కొక్కరే వచ్చి తలుపు తీసి చూశారు. ఆగుతోందా లేదా? ఆగుతోంది. కాకులను తోలే ముసలామె కూడా వచ్చి రెండుసార్లు తీసి చూసింది. ఆ పూట గుజ్జు పెద్దగా తయారు కాలేదు. మేనేజరు తన గది గుమ్మంలో నిలబడి గడియారం చూసుకున్నాడు. అందరూ అయ్యాక తొమ్మిదిన్నరన్న తానే వెళ్ళి ఆ తలుపు ఒకసారి తీసి, మూసి, పానా తుడుచుకుంటూ, "మా గానుగకు ఇట్టాంటిది ఒకటి ఉండింటే, నన్ను పేరు పెట్టి పిలిసేవాళ్ళప్పా" అన్నాడు. ఎప్పటిలాగే నవ్వుతూనే అన్నాడు. ఆ రోజు నేను మొదటిసారి ఆయన పేరు అడిగి తెలుసుకున్నాను. అప్పటి నుంచి ఆ పేరుతోనే పిలిచాను, నేనొక్కడినే అయినా.

ఇది జరిగి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు నేను తిరుపతిలో ఉంటూ, చుట్టుపక్కల ఫ్యాక్టరీలకు వెళ్ళి మిషన్లు చూసి, ఎక్కడ ఏం ప్రమాదముందో చెప్పే పని చేస్తున్నాను. తల నెరిసింది, టోపీ సరిపోతోంది. ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ తలుపు ఆలోచన నాదేనని చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. ఇంటర్వ్యూల్లో చెప్పాను, పెళ్ళిచూపుల్లో కూడా చెప్పాను. చిన్నమ్మ పేరు ఎత్తితే ఈల సంగతి కూడా చెప్పాల్సి వస్తుందని భయం. మొన్నామధ్య తిరుపతిలో ఒక హోటలు హాల్లో నాతో ఫ్యాక్టరీల భద్రత మీద ఉపన్యాసం ఇప్పించారు. ఏసీ చల్లగా ఉంది, ఎదురుగా అరవై డెబ్భై మంది. ఎందుకో ఆ రోజు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. ఈల, ములక్కాయలు, క్రేటు, చెంపదెబ్బ, ఫ్రిజ్జు, అన్నీ ఉన్నవి ఉన్నట్టు చెప్పేశాను. జనం కడుపు పట్టుకుని నవ్వారు, చివరికి లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఒకాయన నా దగ్గరికి వచ్చి, మీ చిన్నమ్మగారు ఇంజనీరింగు ఎక్కడ చదివారని అడిగాడు.

హాలు బయటికి రాగానే ఆమెకు ఫోను చేశాను. ఇప్పుడు ఆమె పనికి పోవడం లేదు. ఇంటి దగ్గరే రెండు ఆవులను పెట్టుకుంది. "చిన్నమ్మా, నీ గురించి చెప్పినాను. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టినారు నీకు" అన్నాను.

అవతల ఆవును అదిలించిన చప్పుడు వినబడింది. తర్వాత అడిగింది. "సప్పట్లు కొట్టినోళ్ళంతా మిషన్ల కాడ నిలబడి పనిసేసేవాళ్ళేనా?"

నేను వెనక్కి తిరిగి అద్దాల తలుపులోంచి హాల్లోకి చూశాను. మేనేజర్లు, మేనేజర్ల పై మేనేజర్లు, నాలాంటి వాళ్ళు, అందరూ భోజనాల దగ్గర వరుసలో నిలబడి ఉన్నారు. బెల్టు పక్కన నిలబడే మనిషి ఒక్కరూ లేరు. పిలవమని చెప్పాలని నాకు తోచనే లేదు.

"కాదు చిన్నమ్మా" అన్నాను.

"మరి వాళ్ళను ఎప్పుడు పిలస్తావు?" అంది. కోపంగా కాదు, అన్నం తిన్నావా అని అడిగినట్టు అడిగింది. వచ్చే నెల అన్నాను. నన్ను నమ్మినట్టు లేదు. ఫోను పెట్టేశాక హోటలు మెట్ల మీద కాసేపు కూర్చుని నవ్వుకున్నాను. ఇన్నేళ్ళూ ఆ ఇరవై రెండేళ్ళ కుర్రవాణ్ణి పక్కింటి వాళ్ళబ్బాయిలా దూరం నుంచి చూస్తూ వచ్చాను. వాడు ఎక్కడికీ పోలేదు, నెరిసిన తలతో నా చొక్కాలోనే ఉన్నాడు.